పోచమ్మ కళ్ళకు సుంకం

మా ముత్తాత ఎల్లారెడ్డి తాలూకాలో పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత పల్లకీలో కచేరికి వెళితే తహసీల్దారు అరుగు దిగి ఎదురు వచ్చేవాడు. మా నాన్న కాలానికి పల్లకీ మోసేవాళ్ళు లేరు. రెండు ఊళ్ళు నిజాంసాగరు నీళ్ళ కిందికి పోయాయి. మిగిలినవి దాయాదుల వ్యాజ్యాల్లో ఒకటొకటిగా పోయాయి. ఇది ఎవరి జాలి కోసమూ చెప్పడం లేదు. మావాళ్ళు ఎవరో తెలియకపోతే నేను తర్వాత ఎందుకు అలా నడుచుకున్నానో అర్థం కాదు, అంతే.

నాదాకా మిగిలి వచ్చిన హక్కు ఒక్కటి. బొంబాయి నుంచి రైలు మీద మా పేర వచ్చిన పెట్టెను సుంకం నాకాలో తెరిచి చూడరాదు. లోపల ఏముందో, సుంకానికి అది ఏ పద్దు కింద వస్తుందో ఒక చీటీ మీద రాసి మా ఇంటి మొహరు వేస్తే చాలు. అది సర్కారు మా తాతకు ఇచ్చిన ఉత్తర్వు. కామారెడ్డి స్టేషనులో షావుకార్ల పెట్టెలకు మేకులు పీకి, గడ్డి చెదరగొట్టి, అద్దాలను ఎండకు ఎత్తి చూసేవాళ్ళు. మా పెట్టె మాత్రం మూసింది మూసినట్టే బండెక్కేది. దారిలో జనం ఆగి చూసేవాళ్ళు. నేను బండి పక్కన నడిచేవాణ్ణి, బండి ఎక్కేవాణ్ణి కాదు.

ఆ హక్కును నమ్ముకునే కామారెడ్డిలో సరుకు తెప్పించే వ్యాపారం పెట్టాను. దీపపు చిమ్నీలు, తాళాలు, సూదులు, కత్తెరలు. పెట్టె ఆలస్యం కాకుండా చేతికి అందుతుంది కాబట్టి దుకాణాలవాళ్ళు నా ద్వారానే తెప్పించుకునేవారు. అయితే ఉత్తర్వులో ఒక షరతు ఉంది. ఏ చీటీ అయినా అబద్ధమని తేలితే హక్కు ఆనాటితో సరి. అందుకని చీటీ మీద ఒక మాట రాయడానికి ముందు నేను రోజుల తరబడి ఆలోచించేవాణ్ణి.

దానికి నాకు ఆధారం జరీదా. నిజాం సర్కారు గెజిటును అలా అనేవాళ్ళు. ఒక సరుకుకు ఏ పేరు పెట్టాలన్న తగాదా పైకి వెళితే, పైవాళ్ళు ఇచ్చిన ఫైసలా అందులో అచ్చయ్యేది. చిమ్నీ లాంతరుతో కలిసి వస్తే లాంతరు, విడిగా వస్తే గాజుసామాను. బూర పిల్లవాడికైతే ఆటవస్తువు, పెళ్ళి మేళగాడికైతే వాద్యం. గొడుగు బట్ట లేకుండా వస్తే ఇనుము. ఎవరి సరుకో పేరు ఉండదు, ఒక దరఖాస్తుదారు అని మాత్రం ఉంటుంది. నేను ఆ ఫైసలాలను కత్తిరించి, సరుకుల వారీగా ఎర్రబట్ట అట్టల పుస్తకంలో అంటించేవాణ్ణి. మా పెట్టె రాకముందే అలాంటి సరుకు మీద ఫైసలా ఉందా, దాన్ని కొట్టేస్తూ తర్వాత మరొకటి వచ్చిందా అని చూసుకునేవాణ్ణి. దొరికితే అందులోని మాటనే చీటీ మీద దించేవాణ్ణి. ఎనిమిదేళ్ళలో ఒక్క చీటీ కూడా తిరిగి రాలేదు.

ఒక్కటి చేసేవాణ్ణి. ప్రతి ఫైసలా అడుగున దరఖాస్తుదారు తన సరుకు గురించి చెప్పుకున్న నాలుగైదు పంక్తులు ఉండేవి, వాటి కింద ‘ఫిద్వీ’ అని. అంటే తమ దాసుడు. సర్కారుకు దరఖాస్తు పెట్టే ప్రతివాడూ ఆ మాట రాయాలి. మా ఇంట్లో ఎవరూ ఆ మాట రాయలేదు, రాసినవాడి కాగితం ఇంట్లో ఉంచుకోలేదు. నాకు కావలసింది నిర్ణయం, దేబిరింపు కాదు. ఆ పంక్తుల నుంచి కిందికి ఉన్నదంతా కత్తెరతో తీసేసేవాణ్ణి.

మా మున్షీకి అది నచ్చేది కాదు. మా నాన్న దగ్గర ముప్పై ఏళ్ళు రాసిన ముసలాయన, జీతం సరిగా అందకపోయినా నన్ను వదిలిపెట్టి వెళ్ళలేదు.

“తోక కోస్తున్నవ్ దొరా. తోక లేకుంటే గది గొర్రెనో మేకనో ఎట్ల తెలుస్తది?” అనేవాడు.

“అరుపును బట్టి తెలుస్తుంది మున్షీ సాబ్.”

“కాయితం అరవది గద దొరా.”

ఒక ఎండాకాలం తాడ్వాయి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవారు పోసింది. పోయినవాళ్ళు పోగా, చూపు పోయినవాళ్ళు చాలామంది. కళ్ళు దక్కించుకున్నవాళ్ళు పోచమ్మకు వెండి కళ్ళు మొక్కుకున్నారు. ఆ వైపు పోచమ్మ అంటే ఊరి పొలిమేరలో నిలబెట్టిన రాయి. దానికి ముఖం చెక్కి, కళ్ళ చోట రెండు గుంటలు తొలిచి ఉంటాయి. వెండి కళ్ళు ఆ గుంటల్లో అతికిస్తారు. ఆ ఏడు అతికించినవి వారం తిరగకుండా దొంగలు పీక్కుపోయారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పోయాయి.

తాడ్వాయి పోచమ్మకు పూజ చేసే కుమ్మరి ముసలామె కామారెడ్డికి నడిచి వచ్చింది. నా దుకాణం గడప బయటే కూర్చుంది.

“పెట్టుడు, పీకుడు. అమ్మకు గుడ్డితనం తప్పుత లేదు దొరా,” అంది.

“ఇత్తడివి పెట్టు అవ్వా.”

“ఇత్తడి పచ్చగైతది. కామెర్లొచ్చినదాని లెక్క కనబడతది. నీ బొంబాయిల గాజుకండ్లు దొరుకుతయట గద. గాజెవడెత్తుకపోతడు?”

ఎల్లారెడ్డి బాటలో మరో పదకొండు ఊళ్ళవాళ్ళు ఆమెతో కలిశారు. రెండు డజన్ల కళ్ళు కావాలి. నేను పుస్తకం తీశాను. గాజుపూసలకు సుంకం ఉంది, బొమ్మల సామానుకు ఇంకా ఎక్కువ ఉంది. కాని మందుల పద్దు కింద ఒక ఫైసలా దొరికింది: గాజుతో చేసిన కృత్రిమ నేత్రాలు, కంటి గుంటలో అమర్చేవి, సుంకం లేదు. ఎవరి కంటి గుంటలో అన్నది అందులో లేదు. మా పోచమ్మకు గుంట ఉంది. ఆమెకు చీర పెడతాం, ఆకలి అంటాం, కోపం అంటాం. ఆమె కన్ను నగ కాదు, కన్నే. ఈ మాట ఎవరినో మోసగించడానికి అల్లింది కాదు. మా వైపు పుట్టిన ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నాకు ఆ రోజు అందులో సందేహమే రాలేదు.

మున్షీకి వచ్చింది. “ఒక్క కన్ను నమూనా తెప్పిచ్చి, దరఖాస్తు పెట్టి, మన సరుకుకు మనమే ఫైసలా అడుగుదాం దొరా. రెండు నెలలైతది, అయితేంది. వేరెటోని ఫైసలా వేరెటోని చెప్పు లెక్క. తొడిగితే పడతది, నడిస్తే కరుస్తది.”

“దరఖాస్తు కింద ఏం రాయాలి?”

ఆయన నేల చూపు చూశాడు. “గదే. అందరు రాసేదే.”

“అయితే వద్దు.”

“ఒక్క మాటకేమైతది దొరా. సిరానే గద.”

కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలని బొంబాయి ఏజెంటుకు పంపిన ఆర్డరులో కూడా ఫైసలాలోని మాటలే రాశాను. పెట్టె వచ్చిన రోజు చీటీ మీద రాసి మొహరు వేశాను: కృత్రిమ నేత్రాలు, రెండు డజన్లు, చూపు లేనివారికి.

పెట్టెను దుకాణం వెనక గదిలో, మధ్యాహ్నం, మున్షీ ముందు తెరిచాను. బొమ్మలకు పెట్టే గోళీల వంటివి వస్తాయని నా ఊహ. నేను రాసిన మాటకు తగిన సరుకే ఏజెంటు పంపాడు. గడులు గడులుగా చేసిన దూదిలో ఇరవై నాలుగు మనుషుల కళ్ళు ఉన్నాయి. చిప్పల్లా పలచగా ఉన్నాయి. తెల్లగుడ్డు పాలలా తెల్లగా లేదు, కొద్దిగా వయసు మళ్ళినట్టు ఉంది. దాని మీద దారప్పోగు కన్నా సన్నని ఎర్రని నరాలు. కొన్ని నల్లవి, కొన్ని తేనెరంగువి, ఒకటి బూడిదరంగుది. ఏ రెండూ జత కావు. ఒక కన్ను పోయిన మనిషి ఒక కన్నే కొంటాడు కాబట్టి విడివిడిగానే చేస్తారట. ఒక్కొక్కటి ఒక్కొక్క వైపు చూస్తోంది.

మున్షీ కండువాతో నుదురు తుడుచుకున్నాడు. “మూత పెట్టు దొరా. పంచాయితికి కూసున్నట్టున్నరు,” అన్నాడు.

తిప్పి పంపితే చీటీ మీద ప్రశ్న వస్తుంది. పంపలేదు. వారం రోజుల్లో పన్నెండు పొలిమేరల్లో లక్క కరిగించి కళ్ళు అతికించారు. ఉన్నవాటిలో దగ్గరి రంగులు చూసి జతలు కట్టినా తాడ్వాయి పోచమ్మకు ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది వచ్చాయి.

ఆ తర్వాత ఆ బాటలో నడక మారింది. మాటలాడుకుంటూ వచ్చే ఆడవాళ్ళు రాయి దగ్గరికి రాగానే మాట ఆపేసి, దాటాక కూడా మొదలుపెట్టేవాళ్ళు కాదు. గాంధారి తండాల నుంచి కట్టెలు తెచ్చేవాళ్ళు రెండు మైళ్ళు చుట్టు తిరిగి చేనుగట్ల మీదుగా వస్తున్నారని విన్నాను. ఒక ఉదయం తాడ్వాయి రాతి పాదాల దగ్గర, మోదుగాకులో చుట్టి, వెండి కళ్ళు ఒక జత కనిపించాయి. పోయిన వాటిలోవే. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ అడగలేదు.

నేనూ ఒకసారి ఆగి చూశాను. గాజు వంపు వల్ల ఎటు నిలబడినా మన వైపే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ కారణం నాకు తెలుసు. కుమ్మరి అవ్వ నా పక్కన నిలబడి చిన్న గొంతుతో అంది: “ఇంతకుముందు అమ్మ ఊరిని సూసేది దొరా. ఇప్పుడు మనిషిని సూస్తున్నది.”

కామారెడ్డి నాకాకు సుంకం అధికారిగా కొత్తగా వచ్చిన అమీను బీదరు వైపు యువకుడు. పని మీద సైకిలుపై ఎల్లారెడ్డి వెళుతూ, ఎండకు తాళలేక తాడ్వాయి దగ్గర వేపచెట్టు నీడన ఆగాడు. నీడలో రాయి ఉంది. తిరిగి రాగానే తిన్నగా నా దుకాణానికి వచ్చాడు. ఉర్దూలో, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“జనాబ్, మా చిన్నాన్నకు ఇలాంటి కన్ను ఉంది. ఆసుపత్రిలో పెట్టించారు. అదే కన్నును నేను ఇవాళ రాతిలో చూశాను. మీ చీటీలో చూపు లేనివారికి అని ఉంది. ఎవరా చూపు లేనివారు?”

“మీరు చూసి వచ్చారు గదా.”

“నేను చూసింది రాయి.”

“మీకు రాయి.”

“నా ఉద్యోగానికి రాయి, జనాబ్. నాకు ఏమిటో అడగకండి. దాహంతో ఆగినవాణ్ణి, నీళ్ళు తాగకుండానే సైకిలెక్కాను.”

ఆ తర్వాత తనకు చేతనైన మేలు చెప్పాడు. పొరపాటు జరిగింది, మన్నించండి అని ఒక దరఖాస్తు రాస్తే పూజాసామగ్రి కింద సుంకం కట్టించుకుని కాగితం మూసేస్తాడు, హక్కు జోలికి రాడు. అది ఇష్టం లేకపోతే, పై అధికారి మొహతమీమ్ ఎనిమిది రోజుల్లో తనిఖీకి వస్తున్నాడు, ఆలోగా కళ్ళు తిరిగి పెట్టెలో ఉండాలి. రెండూ కాకపోతే తాను చూసింది చూసినట్టు రాయక తప్పదు.

దరఖాస్తు నేను రాయలేదు. మూడో రోజు మధ్యాహ్నం, కళ్ళు తీయడానికి ఒక చిన్న కత్తి తీసుకుని తాడ్వాయి వెళ్ళాను.

కుమ్మరి అవ్వ రాతి ముఖానికి పసుపుబట్ట కప్పి ఉంచింది. సంగతి విని అడ్డు చెప్పలేదు. “పెట్టమన్నది నేను, పీకేది నువ్వు. మేం సూడం దొరా,” అని అటు తిరిగి నిలబడింది. చుట్టూ చేరిన పదిమందీ అటు తిరిగారు. అంతమంది వీపుల మధ్య ఒక్కణ్ణే రాతికి ఎదురుగా మిగిలాను. బట్ట తీశాను.

వేపనీడ అవతలికి జరిగింది, ఎండకు లక్క మెత్తబడి ఉంది. గుంట అంచు నుంచి చెంప మీదికి సన్నగా కారి గడ్డకట్టింది. మెత్తబడిన లక్కలో బూడిదరంగు కన్ను పక్కకు తిరిగింది. నల్లకన్ను ముందుకు చూస్తోంది, బూడిదరంగుది నేను నడిచి వచ్చిన బాట వైపు చూస్తోంది. కదలకుండా పట్టుకుందామని దాని మీద బొటనవేలు ఆనించాను. వెచ్చగా ఉంది. ఎండలో రాయి కాగుతుంది, గాజూ కాగుతుంది. కాని అది ఎండకు కాగిన వేడిలా లేదు, జ్వరం లేని మనిషి ఒంటి వెచ్చదనంలా ఉంది. రెప్ప లేని కన్ను మీద వేలు పెట్టి ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. కత్తి మొలలో దోపుకుని బట్ట కప్పేశాను. ఎవరూ వెనక్కి తిరిగి, తీశావా అని అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మిగతా ఊళ్ళ పొలిమేరల దగ్గర నేను తల వంచుకుని నడిచాను. మా వంశంలో ఆ బాటలో తల వంచి నడిచినవాళ్ళు అంతకుముందు లేరు.

అమీను చూసింది చూసినట్టే రాశాడు. తనిఖీకి వచ్చిన మొహతమీమ్ పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. నాకు కుర్చీ వేయించాడు. నేను ఫైసలాలోని మాటలు వినిపించి, నా చీటీలో వాటికి భిన్నమైనది ఒక్క అక్షరం లేదన్నాను. ఆయన ఆ నాటి జరీదా ముందే తెప్పించి పెట్టుకున్నాడు. చివరిదాకా చదివాడు. దరఖాస్తుదారు మాటలు ఇవి: మా అమ్మాయికి అమ్మవారు పోసి ఎడమకన్ను పోయింది, తోటిపిల్లలు దగ్గరికి రానివ్వడం లేదు, ఈ కన్ను ఆమె ముఖానికే తప్ప మరి దేనికీ వాడను. వాటి కింద సర్కారు మాట ఇంకొకటి ఉంది: ఈ చెప్పిన ఉపయోగం మీదనే మాఫీ.

నా పుస్తకం అడిగాడు. ఆ పేజీ తీసి ఇచ్చాను. కత్తెర అంచు మీద వేలు పెట్టాడు.

“ఇక్కడ ఏమైంది?”

“నేనే కత్తిరించాను.”

“ఎందుకు?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గదిలో ఎవరూ నవ్వలేదు. గోడ పక్కన నిలబడిన మున్షీ కళ్ళు మూసుకున్నాడు.

“ఒకరికి ఇచ్చిన ఫైసలా వారు చెప్పుకున్న దాని మీద నిలబడుతుంది,” అన్నాడు మొహతమీమ్. “మీరు దాని పునాది తీసేసి గోడ తెచ్చుకున్నారు. నిజం దాచలేదు కాబట్టి మోసం అని రాయను, పొరపాటు అని రాస్తాను. కాని మీ తాతగారికి ఆ హక్కు మాట మీద ఇచ్చారు. మాటలో పొరపాటు వచ్చాక నేను దాన్ని ఉంచలేను.”

కళ్ళను జప్తు చేయమని ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు జవాన్లు తాడ్వాయి దాకా వెళ్ళి, జ్వరం వచ్చిందని తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఎవరినీ పంపలేదు. కాగితం మీద జప్తు కుదరలేదని రాసుకుని, కళ్ళ వెలను జరిమానాతో సహా నా మీద వేశారు.

తర్వాతి పెట్టెను కామారెడ్డి ప్లాట్‌ఫారం మీద తెరిచారు. చిమ్నీలను ఒక్కొక్కటిగా గడ్డిలోంచి తీసి ఎండకు ఎత్తి చూశారు. నేను కదలకుండా నిలబడ్డాను. పక్కన ఒక షావుకారు, తన పెట్టె వంతు కోసం కూర్చున్నవాడు, కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. “కూసోండ్రి దొరా, గంటకు పైనే అయితది,” అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే తేలికగా ఉండేది.

కొన్నాళ్ళకు జరీదాలో ఫైసలా అచ్చయింది. ఎల్లారెడ్డి తాలూకా దరఖాస్తుదారు ఒకరు అని మొదలుపెట్టి, రాతికి అమర్చిన గాజు కన్ను కన్ను కాదు, అలంకార సామగ్రి అని నిర్ణయించారు. అడుగున విచారణలో నేను అన్న మాటలు నాలుగు పంక్తులుగా ఉన్నాయి. నేను దరఖాస్తు పెట్టలేదు, అయినా అచ్చువాళ్ళు ఆనవాయితీ ప్రకారం వాటి కింద ఫిద్వీ అని వేశారు. ఎక్కడో ఎవరో తన పుస్తకంలో నన్ను అంటించుకుంటున్నాడని చాలా రోజులు అనిపించేది. అతనూ కత్తెర పట్టుకునే ఉంటాడనీ, నాలో ఎంత మేర తీసేస్తాడో తెలియదనీ అనిపించేది.

కుమ్మరి అవ్వ ఒకసారి అడిగింది, “ఏమని రాసిండ్రు దొరా?”

“అవి కండ్లు కావని రాసిండ్రు అవ్వా.”

“అట్లయితే ఆమె ముంగట చదువు. వినని,” అంది.

నేను అవ్వ వెంట వెళ్ళాను. ఉర్దూ కాగితాన్ని తెలుగులోకి మార్చుకుంటూ, రాతికి మూడు గజాల దూరంలో నిలబడి పైకి చదివాను. కన్ను కాదు అన్న పంక్తి దగ్గరికి వచ్చాను. కాగితం మీద నుంచి తల ఎత్తకుండా ఆ పంక్తి వదిలేసి కింది పంక్తి చదివి ముగించాను. అవ్వకు చదువు రాదు. నేను వదిలేసింది ఆమెకు తెలియదు.

హక్కు పోయాక నా ద్వారా సరుకు తెప్పించుకోవడంలో ఎవరికీ లాభం లేకపోయింది. దుకాణాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నేరుగా తెప్పించుకున్నారు. ఏడాది తిరగకముందే కామారెడ్డి గదికి తాళం వేసి ఎల్లారెడ్డి వచ్చేశాను. జరిమానా కట్టడానికి మా ఇంటి వెనక భాగం విప్పించి, టేకు దూలాలు, స్తంభాలు, పెంకులు రామారెడ్డి ఊరి కలప వ్యాపారికి అమ్మాము.